మున్సిపాలిటీ కంటే ముందు పుట్టిన హాలు

బెజవాడకు మున్సిపాలిటీ వచ్చింది 1888 ఏప్రిల్ 1న. బందరు రోడ్డు మీద ఇవాళ బాపు మ్యూజియం అంటున్న భవనానికి శంకుస్థాపన జరిగింది 1887 జూన్ 27న. ఏ ఊళ్లోనైనా ముందు పురపాలక సంఘం ఏర్పడుతుంది, తర్వాత పదిమందీ కూర్చోడానికో హాలు కావాలనిపిస్తుంది. మా దగ్గర వరస తిరగబడింది. కాలవల శాఖలో ఓవర్సీరుగా చేసి రిటైరైన నాకు ఈ తేదీలు చూస్తే ముచ్చటేస్తుంది. ఎస్టిమేటు మంజూరు కాకముందే పునాది తీసినట్టు!

ఆ జూన్ 20 నాటికి విక్టోరియా రాణి గద్దెనెక్కి యాభై ఏళ్లు. జూబిలీ పేరు చెప్పి సామ్రాజ్యమంతా హాళ్లు, ఆసుపత్రులు లేచాయి. మద్రాసు సెంట్రల్ స్టేషన్ పక్కనున్న పబ్లిక్ హాలుకు రాణి పేరు పెట్టిందీ ఆ సందడిలోనే. అయితే అప్పుడు జిల్లా కేంద్రం బందరు. అక్కడ 1866 నుంచే మున్సిపాలిటీ ఉంది. మరి ఈ జూబిలీ హాలు బెజవాడలో ఎందుకు? నా లెక్క ఇదీ: 1864 నవంబరు ఉప్పెన ముప్ఫై వేల మందిని పొట్టన పెట్టుకుని బందరు నడుం విరిచింది. అంతకుముందే 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయి, డెల్టా కాలవలన్నిటికీ బెజవాడ తలవాకిలైంది. ధాన్యం పడవలన్నీ ఇక్కడి లాకుల దాకా వచ్చేవి. శంకుస్థాపన తర్వాత 1889లో నిజాం రైలు వచ్చింది, 1893కల్లా కృష్ణ మీద రైలు వంతెన తయారైంది. కచేరీ బందరులో ఉన్నా, బేరం బెజవాడలో సాగేది.

ఈ కట్టడానిది ఇండో యూరోపియన్ శైలి అంటారు. తేలిగ్గా చెప్పాలంటే ముఖం దొరది, ఒళ్లు మనది. కమానులు, ఎడమా కుడీ సరితూగే కొలతలు యూరపు నుంచి వచ్చాయి. కానీ మే నెల బెజవాడ ఎండకు ఆ లెక్కలు ఆగవు. అందుకే ఆ కాలపు సర్కారు కట్టడాల్లో మందపాటి గోడలు, ఎత్తైన కప్పులు, వేడిగాలి పైకి పోయే దారులు, చుట్టూ వరండాలు కనిపిస్తాయి. అప్పట్లో సిమెంటెక్కడిది? సున్నం, ఇసుక కలిపి ఎడ్లు తిప్పే గానుగలో రుబ్బేవారు. కొందరు మేస్త్రీలు బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కూడా పోసేవారు. ఆ సున్నం నిదానంగా గట్టిపడుతుంది, గోడలోకెక్కిన చెమ్మను బయటికి వదిలేస్తుంది. అలాంటి గోడకు గట్టిదనం కోసమని సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కి, పూత పెచ్చులూడుతుంది. పాత భవనాలను బాగుచేసేవాళ్లు ముందు తెలుసుకోవలసింది ఇదే.

శంకుస్థాపన చేసింది అప్పటి కలెక్టరు రాబర్ట్ సూయెల్. విజయనగర సామ్రాజ్య చరిత్ర రాసిన సూయెల్ ఆయనే. అంతకు పదేళ్ల ముందు, 1877లో, అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపించాడు. ఆ స్తూపపు రాళ్లు కొన్ని మద్రాసు చేరాయి, కొన్ని లండన్ చేరాయి. వచ్చినవాళ్లకు ఇవ్వడమే తప్ప దాచుకోవడం మనకు ఆలస్యంగా తెలిసింది.

రాణి కోసం కట్టిన ఈ హాలు ముప్ఫైనాలుగేళ్లకు బ్రిటిష్ ప్రభుత్వాన్ని దించాలనుకున్నవాళ్ల కథలోకి వచ్చింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, కోటి మంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అన్న సంకల్పం అక్కడిదే. పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా అందించింది ఈ భవనంలోనేనని బెజవాడ చెప్పుకుంటుంది. భట్లపెనుమర్రు మనిషి, బందరు జాతీయ కళాశాలలో పనిచేసిన వెంకయ్యగారు 1916లోనే జెండాల నమూనాలతో పుస్తకం వేశారు. రాట్నం ఉండాలన్నది జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్ సూచన. గాంధీజీ అడిగిన మూడు గంటల్లో ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నంతో నమూనా తయారైంది. అయినా కమిటీ ముందు పెట్టే వేళ దాటిపోయింది. అదీ మంచికే అయిందని గాంధీజీ తర్వాత రాశారు, తెలుపు కూడా చేర్చాలన్న ఆలోచన ఆ వ్యవధిలోనే వచ్చిందట. మనవాళ్లు ఆలస్యాన్ని తలుచుకుని నొచ్చుకోనక్కర్లేదు.

1962లో పురావస్తు శాఖ దీన్ని మ్యూజియం చేసింది. నందిగామ వైపు అల్లూరులో దొరికిన తెల్ల సున్నపురాయి బుద్ధుడు, పదిహేడు వందల ఏళ్ల నాటివాడు, ఇక్కడే నిలబడి ఉంటాడు. తవ్వకాల పిచ్చి ఉన్న కలెక్టరు పునాది వేసిన చోటికి తవ్వకాల్లో దొరికిన దేవుడు చేరాడు. తర్వాత చిత్రకారుడు బాపు పేరిట ఇది బాపు మ్యూజియం అయింది, కొత్త విభాగంతో 2020 అక్టోబరు 1న మళ్లీ తెరిచారు. పాతకాలం వాళ్లం ఇప్పటికీ విక్టోరియా మ్యూజియమనే అంటాం.

పిల్లల్ని తీసుకెళ్తే తిన్నగా డిజిటల్ తెరల దగ్గరికి, బొమ్మల దగ్గరికి పరుగెత్తనివ్వకండి. ముందు పాత భవనం చుట్టూ ఓ ప్రదక్షిణం చేయించి, కిటికీ దగ్గర గోడ మందం ఎన్ని జానలుందో కొలవమనండి.