కుర్చీలోంచి లేవడమే వైద్యం

మాఘం వచ్చిందంటే సత్తెనపల్లి చుట్టుపక్కల మిరపచేలు ఎర్రబారతాయి. పొద్దంతా వంగి కాయలు కోయాలి. కల్లంలో గొంతుక్కూర్చుని తాలు కాయలు ఏరాలి. యాభై దాటిన ఆడకూలీలను పలకరిస్తే చాలామంది చేయి మోకాలి మీదికే పోతుంది. ‘గుజ్జు అరిగిందన్నారు’ అంటారు. ఆ వెంటనే ఇంట్లోవాళ్ల సలహా: ఇక నడవకమ్మా, ఓ చోట కూర్చో.

అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. మోకాలు బండి బేరింగు కాదు. కీలులోని మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు. కీలు మీద బరువు పడి, మళ్లీ తగ్గుతున్నప్పుడే చుట్టూ ఉన్న ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. కదలడం మానేస్తే తొడ కండ సన్నబడి, భారం మరింతగా కీలు మీదే పడుతుంది. ఎక్స్‌రేలో బాగా అరిగినట్టు కనిపించినా హాయిగా నడిచేవాళ్లు ఉన్నారు.

మన దేశంలో మోకాళ్ల అరుగుదలపై 2016లో వెలువడిన అధ్యయనంలో 28.7 శాతం మందికి ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. ఇంతమందికీ ఆపరేషన్ అక్కర్లేదు, కుదరదు కూడా.

డెన్మార్క్‌లో 2013లో ఎవా రూస్, సోరెన్ స్కౌ ‘గ్లాడ్’ కార్యక్రమం మొదలుపెట్టారు. జబ్బు గురించి రెండు మూడు పాఠాలు, ఆరు వారాల్లో 12 వ్యాయామ తరగతులు, అంతే. ఇప్పుడది కెనడా, ఆస్ట్రేలియా, చైనాల్లోనూ నడుస్తోంది. వ్యాయామం, పాఠాలతో పాటు బరువు తగ్గించడం వంటివీ కలిపిన చికిత్సపై స్కౌ బృందం 2015లో ఫలితాలు ప్రచురించింది. కీలుమార్పిడికి అర్హులైన వందమందిలో సగం మందికి ముందు ఈ చికిత్సే ఇచ్చారు. ఏడాదిలో వారిలో ఆపరేషన్ దాకా వెళ్లినవారు 13 మంది. మొదటే ఆపరేషన్ చేయించుకున్న మిగతా సగం మందికి నొప్పి ఇంకా ఎక్కువగా తగ్గిన మాట నిజం, తీవ్రమైన దుష్ప్రభావాలు ఎక్కువగా కనిపించిందీ వారిలోనే.

గ్లాడ్ తరగతిలో ముఖ్యమైన పరికరం ఓ కుర్చీ. చేతులు ఆనించకుండా లేవాలి, మెల్లగా కూర్చోవాలి. మోకాలు లోపలికి వాలకుండా పాదం వేళ్ల వైపే ఉండాలి. నొప్పికి పదింట మార్కులు వేసుకోవాలి: అయిదు దాకా ఫర్వాలేదు, మరునాటికి సర్దుకోవాలి. ఈ లెక్క ఎవరూ చెప్పకే చాలామంది మొదటిరోజు సలుపుకు బెదిరి మానేస్తారు, మళ్లీ నొప్పి మాత్రల దగ్గరికే వెళ్తారు. ఏళ్ల తరబడి వాడే ఆ మాత్రలు కడుపునూ కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. పాఠం లేని వ్యాయామం నిలవదని అందుకే అనేది. స్థూలకాయులు కిలో బరువు తగ్గితే అడుగు అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందన్న సంగతీ ఆ పాఠంలోదే.

ఇక్కడ ఎవరు చెప్పాలి? 2023 ఏప్రిల్ 6న రాష్ట్రంలో డాక్టరే ఊళ్లకు వచ్చి చూసే ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలైంది సత్తెనపల్లి ఉన్న ఈ పల్నాడు జిల్లా లింగంగుంట్లలోనే. ఊళ్లలో ఆరోగ్య కేంద్రాలున్నాయి, బీపీ, షుగర్ చూసే సిబ్బంది ఉన్నారు, గడప గడపకూ తెలిసిన ఆశా కార్యకర్తలున్నారు. ఫిజియోథెరపిస్టు వీళ్లకు తర్ఫీదిచ్చి, నెలకోసారి వచ్చి చూసినా పని నడుస్తుంది. మోకాలు ఎర్రబడి వేడెక్కినా, జ్వరం వచ్చినా, కాలు ముడుచుకుని పట్టేసినా వెంటనే డాక్టరుకు చూపించాలన్నది మొదటి రోజే చెప్పాలి.

రోజుకూలి పోగొట్టుకుని ఎవరూ తరగతికి రారు. మిరప కోతలు ముగిశాక, పత్తి విత్తేలోపు వేసవిలో కాస్త తీరిక దొరుకుతుంది. ఆరు వారాల కార్యక్రమం ఆ వ్యవధిలో సరిగ్గా సరిపోతుంది, తరగతి సాయంత్రం చల్లబడ్డాక పెడితే.