చంద్రకళలు తెలిస్తే.. సాగరం తీరు తెలిసినట్టే!
* పౌర్ణమి, అమావాస్యల్లో ఎక్కువగా పొంగే కడలి
* పుణ్యస్నానాలకు వెళ్లేవారు అప్రమత్తంగా ఉండాల్సిందే

మచిలీపట్నం: కార్తీక పౌర్ణమి వచ్చిందంటే మంగినపూడి తీరం జనసంద్రమవుతుంది. తెల్లవారుజాము నుంచే భక్తులు పుణ్యస్నానాలకు బారులు తీరుతారు. అయితే నెలలో సముద్రపు పోటు అధికంగా ఉండే రోజుల్లో పౌర్ణమి ఒకటి. ఆకాశంలోని చంద్రుడికి, తీరంలోని నీటికి ఉన్న ఈ సంబంధం తెలియాలంటే ముందుగా చంద్రకళలను అర్థం చేసుకోవాలి.

నీడ కాదు.. వెలుగే!
చంద్రుడికి సొంత వెలుగు లేదు. సూర్యకాంతి పడి గోళంలో సగభాగం ఎప్పుడూ ప్రకాశిస్తూనే ఉంటుంది. భూమి చుట్టూ తిరిగే క్రమంలో ఆ వెలిగిన సగంలో మనకు కనిపించే భాగం రోజురోజుకూ మారుతుంది. అవే చంద్రకళలు. అమావాస్య నాడు చంద్రుడు సూర్యుడున్న దిక్కునే ఉండటంతో వెలుగు అవతలి వైపు పడుతుంది. పౌర్ణమి నాడు సూర్యుడికి ఎదురుగా ఉండటంతో నిండుగా కనిపిస్తాడు. భూమి నీడ పడటం వల్లే చంద్రుడు తరుగుతాడన్నది అపోహ. నీడ పడితే అది చంద్రగ్రహణం. చంద్రుడి కక్ష్య సుమారు 5 డిగ్రీలు వాలి ఉండటం వల్ల ప్రతి పౌర్ణమికీ గ్రహణం రాదు. చీకటి గదిలో దీపం వెలిగించి, చేతిలో బంతి పట్టుకుని నెమ్మదిగా చుట్టూ తిరిగితే పిల్లలకు సైతం ఈ మార్పు ఇట్టే బోధపడుతుంది.

ఇదీ తిథుల లెక్క..
చంద్రుడు భూమిని చుట్టి రావడానికి 27.3 రోజులు పడుతుంది. ఈలోగా భూమి కూడా సూర్యుడి చుట్టూ కొంత ముందుకు జరుగుతుంది. అందుకే ఒక అమావాస్య నుంచి మరో అమావాస్యకు సుమారు 29.5 రోజులు పడుతుంది. సూర్యచంద్రుల మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి పూర్తయినట్టు. అలా నెలకు 30 తిథులు. చంద్రుడి వేగం ఎప్పుడూ ఒకేలా ఉండదు కనుక తిథి నిడివి దాదాపు 19 నుంచి 26 గంటల వరకు మారుతుంటుంది. పండుగ ఈ రోజా, రేపా అన్న సందేహాలకు మూలం ఇదే.

శుక్లపక్షంలో నెలవంక సాయంత్రం పడమట కనిపిస్తుంది. బహుళపక్షం చివర్లో తెల్లవారకముందు తూర్పున కనిపిస్తుంది. చంద్రోదయం రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతుంది.

చంద్రయాన్‌కూ ఇదే లెక్క
శ్రీహరికోట నుంచి 2023 జులై 14న బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రుడిపై దిగింది. ఆ ప్రాంతంలో అప్పుడప్పుడే పగలు మొదలైంది. అక్కడి ఒక పగలు మనకు దాదాపు 14 రోజులు. సౌరశక్తితో పనిచేసే ల్యాండర్‌కు ఆ వెలుగే ఆధారం కావడంతో దిగే రోజును ఆ ప్రకారమే ఎంచుకున్నారు.

ఆటుపోట్లతో జాగ్రత్త
సముద్రపు నీటిని చంద్రుడితో పాటు సూర్యుడూ ఆకర్షిస్తాడు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఈ ముగ్గురూ దాదాపు ఒకే వరుసలోకి రావడంతో రెండు ఆకర్షణలూ కలుస్తాయి. పోటు ఎక్కువగా పొంగుతుంది, పాటు వేళ నీరు మరింత వెనక్కి వెళుతుంది. ఈ ప్రభావం తర్వాత ఒకటి రెండు రోజులూ ఉంటుంది. అష్టమి ప్రాంతంలో సూర్యచంద్రుల ఆకర్షణలు అడ్డదిడ్డంగా ఉండటంతో తేడా తగ్గుతుంది. మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది. మరుసటి రోజు అదే పోటు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది.

నీరు వెనక్కి తగ్గినప్పుడు లోపలికి నడిచి వెళ్లినవారు పోటు మొదలయ్యాక తిరిగి రావడం కష్టం. నిన్న నిలబడిన చోటే నేడూ మోకాలి లోతు నీరుంటుందన్న నమ్మకం లేదు. పౌర్ణమి స్నానాలకు వచ్చేవారు హెచ్చరిక జెండాలు దాటకుండా, పిల్లల చేయి వదలకుండా ఒడ్డు సమీపంలోనే స్నానమాచరించడం శ్రేయస్కరం.