ప్రోగ్రామును పెట్టెలో బెట్టుట

కొన్ని సంవత్సరముల క్రిందట, తరగతి విద్యార్థుల మార్కులను గూడి సగటు తీయుటకై పైథాన్ భాషలో నొక చిన్న ప్రోగ్రాము వ్రాసితిని. ఇంటి కంప్యూటరుపై నది చక్కగా నడిచెను. పాఠశాలకు గొనిపోయి నడుపబోగా, ఒక్క పంక్తియైనను నడవకమునుపే వాక్యనిర్మాణము తప్పని యంత్రము మొఱాయించెను. ప్రోగ్రాములో నొక్క యక్షరమైనను మాఱలేదు. విచారింపగా, నేను వాడిన ఎఫ్-స్ట్రింగులు 2016వ సంవత్సరమున వెలువడిన పైథాన్ 3.6తో వచ్చినవి, అచ్చటి లినక్సు యంత్రమున నున్నది 3.5.

ఇట్టి చిక్కును దీర్చుటకు కంటైనరు మిక్కిలి యుపయోగకరము. పెండ్లివంటకు వచ్చు వంటవాడు తన గుండిగలు, గరిటెలు, సంబారములు వెంట దెచ్చుకొనును. పొయ్యి మాత్రము పెండ్లివారిది. అట్లే కంటైనరులో ప్రోగ్రామును, దానికి వలసిన పైథాన్ కూర్పును, లైబ్రరీలును ఉండును. కెర్నెల్ మాత్రము ఆ యింటి యంత్రముదే. వర్చువల్ మెషీను పొయ్యినిగూడ మోసికొని వచ్చును గావున బరువెక్కువ. లినక్సు కంటైనరును విండోస్‌పై నడుపునపుడు డాకర్ డెస్క్‌టాప్ లోలోపల నొక చిన్న లినక్సును నడుపుట కిదియే కారణము. ప్రోగ్రామునకు గనబడు ఫైళ్ల లోకమును గిరిగీసి కుదించు యుక్తి క్రొత్తది కాదు. 1979 నాటి యూనిక్సు ఏడవ కూర్పునందే 'సీహెచ్‌రూట్' కలదు. 2013లో వెలువడిన డాకర్ యీ పనిని సామాన్యులకు సులభము చేసెను.

ముందుగా యంత్రమున డాకర్ నెలకొల్పవలెను. ప్రోగ్రామున్న ఫోల్డరునందే 'డాకర్‌ఫైల్' అను పేర మఱియొక ఫైలు వ్రాయవలెను. మూడు పంక్తులు చాలును. 'ఫ్రమ్' అనునది యే పైథాన్ కూర్పుపై కట్టవలెనో చెప్పును. నేను నాడు 3.8 కోరితిని. 'కాపీ' మన ఫైలును లోపల జేర్చును. 'సీఎండీ' పెట్టె తెఱవగానే యేమి నడుపవలెనో తెలుపును. (ఇవన్నియు ఇంగ్లీషు లిపిలోనే టైపు చేయవలెనని వేఱుగ జెప్పనేల?) పిదప 'డాకర్ బిల్డ్' అని, 'హైఫన్ టి' వెనుక నొక పేరు పెట్టి, చివర నొక చుక్క నుంచవలెను. ఈ చుక్కను చిన్నచూపు చూడరాదు; "ఈ ఫోల్డరులోని వస్తువులనే తీసికొమ్ము" అని దాని యర్థము. నేనది మఱచి చాలసేపు విసిగితిని. ఇట్లేర్పడిన దానిని ఇమేజి యందురు. 'డాకర్ రన్' అనగా దానినుండి కంటైనరు పుట్టి నడచును. ప్రోగ్రామును దిద్దినచో ఇమేజిని మరల గట్టవలసినదే.

నా ప్రోగ్రాము మార్కులను కీబోర్డునుండి యడుగును గావున 'హైఫన్ ఐటి' చేర్చితిని. పని ముగియగానే కంటైనరు తొలగవలెనని 'ఆర్‌ఎమ్' అను గుర్తునుగూడ జేర్చితిని. మఱునాడు ప్రోగ్రెసు రిపోర్టులు పంచవలెను. నలువది యిద్దరి మార్కులు టైపు చేసితిని. ఫలితములు ఫైలులో వ్రాయబడినవని తెరపై గనబడెను. ఆ ఫైలు కంటైనరు లోపలిది! కంటైనరుతోబాటు అదియు మాయమయ్యెను. 'హైఫన్ వి' వెనుక మన ఫోల్డరు దారిని, కోలన్‌ను, లోపలి ఫోల్డరు దారిని వ్రాసి, ప్రోగ్రాము ఆ లోపలి ఫోల్డరునందే వ్రాయునట్లు చేసినచో ఫలితములు మన డిస్కుపై నిలుచును. అది తెలిసికొని, మార్కులన్నియు మరల టైపు చేయుసరికి తెల్లవాఱెను.