హెపటైటిస్-బి వైరస్ ‘ఎక్స్’ ప్రోటీన్: వైరస్ వృద్ధి, కాలేయ క్యాన్సర్

హెపటైటిస్-బి వైరస్ జన్యుపదార్థం నిడివి సుమారు 3,200 క్షార జంటలు మాత్రమే. అందులోని నాలుగు జన్యువులలో అతి చిన్నదాని పని తొలుత తెలియకపోవడంతో దానికి ‘ఎక్స్’ అని పేరు పెట్టారు. అది రూపొందించే ప్రోటీన్‌లో 154 అమైనో ఆమ్లాలుంటాయి. వైరస్ వృద్ధిలోనూ, కాలేయ క్యాన్సర్‌లోనూ ఈ ప్రోటీన్ పాత్రను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కాలేయ కణంలోకి చేరిన వైరస్ డీఎన్‌ఏ కేంద్రకంలో మూసిన వలయంగా మారి స్థిరపడుతుంది. కణంలోని ‘ఎస్ఎంసీ 5/6’ అనే ప్రోటీన్ల సముదాయం ఆ వలయాన్ని పట్టుకొని, దాని నుంచి ఆర్ఎన్ఏ తయారుకాకుండా అడ్డుకుంటుంది. ఎక్స్ ప్రోటీన్ కణానికే చెందిన ‘డీడీబీ1’తో జతకట్టి, ఈ సముదాయాన్ని కణం చేతనే విచ్ఛిన్నం చేయిస్తుంది. 2016లో వెలువడిన పరిశోధనలు ఈ విషయాన్ని నిరూపించాయి.

అయితే కణం సొంత డీఎన్‌ఏలో తెగిన భాగాలను సరిచేయడంలోనూ ఎస్ఎంసీ 5/6 పాలుపంచుకుంటుంది. అది లోపిస్తే జన్యుదోషాలు పేరుకునే అవకాశం పెరుగుతుంది. అంటే వైరస్‌కు దారి తెరిచే చర్యే కణానికి రక్షణను తగ్గిస్తుంది. దీనికి దీర్ఘకాలిక వాపు, మానవ క్రోమోజోములలో వైరస్ డీఎన్‌ఏ చొరబాటు తోడవుతాయి. కనుక క్యాన్సర్‌కు ఎక్స్ ఒక్కటే కారణమనడం సరికాదు.

టెనోఫోవిర్, ఎంటెకావిర్ వంటి మందులు కొత్త వైరస్ డీఎన్‌ఏ తయారీని నిరోధించి క్యాన్సర్ ముప్పును తగ్గిస్తాయి. కాని, కేంద్రకంలోని వలయాన్ని తొలగించలేవు. ఎక్స్ ఉత్పత్తిని నేరుగా ఆపలేవు. పుట్టిన 24 గంటలలోపు శిశువుకు వేసే టీకా ప్రాధాన్యం ఇక్కడే స్పష్టమవుతుంది: ఆ వలయం ఏర్పడకముందే అది రక్షణ కల్పిస్తుంది.