సొంత ఆటశాల లేని విజేతలు

పెన్సిల్వేనియా రాష్ట్రమున, ఫిలడెల్ఫియా మహానగరమునకు పశ్చిమముగా, ఇమ్మాక్యులేటా అను చిన్న కళాశాల ఉండెను. ఇమ్మాక్యులేట్ హార్ట్ ఆఫ్ మేరీ సభకు చెందిన కన్యాస్త్రీలు ఆనాడు దానిని బాలికలకై నడుపుచుండిరి. అమెరికా దేశమున కళాశాల మహిళల క్రీడలకు ఒక జాతీయ సంఘము ఏర్పడి, 1972 మార్చి మాసమున తన తొలి బాస్కెట్‌బాల్ పోటీలను నిర్వహించినపుడు, వేలకొలది విద్యార్థులును, విశాలమైన ఆటశాలలును గల విద్యాలయములనెల్ల దాటి ఆ ప్రథమ కిరీటమును గెలుచుకొన్నవారు ఈ కళాశాల బాలికలే.

ఆ విజయమును గూర్చి చెప్పవలెనన్న, మొదట వారికి లేనివేవో చెప్పవలెను. కళాశాల ఆటశాల 1967లో అగ్నికి ఆహుతియయ్యెను. మఠమున నూతనముగా చేరిన కన్యలు నివసించు భవనపు నేలమాళిగయే నాటినుండి వారికి అభ్యాసస్థలము. స్వస్థలమున ఆడవలసిన పోటీలను సైతము పరుల ఆటశాలలలోనే ఆడుకొనవలసివచ్చెను. ధరించునది మడతల ఊలుగౌను. పరుగెత్తి చెమర్చిన కొలదిని దాని బరువు పెరుగుటయే గాని తగ్గుట లేదు. 1970లో కోచ్‌గా వచ్చిన కాథీ రష్ ఇరువదిమూడేండ్ల యువతి. ఆమెకు సంవత్సరమునకు ముట్టిన జీతము 450 డాలర్లు.

ఆ జట్టునకు ప్రాణమైన థెరిసా షాంక్ ఈ కళాశాలకు వచ్చుటకు మూలము మరియొక అగ్నిప్రమాదము. ఆమె దూరమునగల వేరొక కళాశాలలో చేరదలచియుండగా, తల్లిదండ్రుల ఇల్లు కాలిపోయెను. అట్టి సమయమున కుటుంబమును విడిచిపోవ మనసొప్పక, ఇంటినుండి వచ్చిపోవుటకు అనువైన ఇమ్మాక్యులేటాలో ఆమె చేరెను.

అయినను, ఈ విజయమును దైవవశమున కలిగిన అద్భుతముగా వర్ణించుట నాకు సమ్మతము గాదు. ఫిలడెల్ఫియా ప్రాంతపు కాథలిక్కు పాఠశాలలలో బాలికల బాస్కెట్‌బాల్ చిరకాలముగా వేళ్లూనియుండెను. దేశమున పెక్కుచోట్ల ఆడుపిల్లలకు వ్యాయామమనిన నామమాత్రముగా జరుగుచుండిన దినములలోనే, అచ్చటి బాలికలు చిన్ననాటినుండియు చర్చిపాఠశాలల జట్లలో ఆడుచు, ఇరుగుపొరుగు పిల్లలతో వీధిమైదానములలో పోటీపడుచు, తండ్రులును, అన్నదమ్ములును, ఉపాధ్యాయినులైన కన్యాస్త్రీలును చూచుచుండగా గెలుపోటములకు అలవాటుపడి పెరిగిరి. కాథీ రష్ ప్రతిభ నిస్సందేహముగా గొప్పది. కాని ఆమె చేతికందినది అనేక సంవత్సరములుగా దున్నబడిన భూమి.

కాలము కూడ ఆమెకు అనుకూలించెను. 1892లో స్మిత్ కళాశాలయందు సెండా బెరెన్‌సన్ తన విద్యార్థినులకు ఈ క్రీడను నేర్పిననాడు, స్త్రీలకు అధికశ్రమ తగదన్న ఆనాటి తలంపునకు లోబడి, మైదానమును భాగములుగా విభజించి, ఎవరి భాగమును వారు దాటరాదని నియమము పెట్టెను. ఆ కట్టడి పలు రూపములు మార్చుకొనుచు ముప్పాతిక శతాబ్దమునకు పైగా నిలిచెను. ఆరుగురు ఆడుట, అందు ఇద్దరికి మాత్రమే మైదానమంతట తిరుగు స్వేచ్ఛ యుండుట కాథీ రష్ కాలమునకు కొంచెము ముందువరకును ఉండెను. ఐదుగురును మైదానమంతట ఆడవచ్చునన్న పద్ధతి 1971లో స్థిరపడెను; దానితోపాటే ముప్పది సెకనులలో బంతిని బుట్టవైపు విసరవలెనన్న నిబంధన వచ్చెను. కాథీ రష్ భర్త ఎడ్ రష్ వృత్తిక్రీడాకారుల పోటీలకు రెఫరీ. పురుషుల ఆటలోని వ్యూహములను దగ్గరనుండి ఎరిగిన ఆమె, ప్రత్యర్థిని మైదానమంతటను వెన్నంటి ఊపిరి సలుపనీయని రక్షణపద్ధతిని, క్షణములో దిశ మార్చు దాడిని తన బాలికలకు నేర్పెను.

ఆ తొలి జాతీయపోటీల యేడు జట్టు వరుసగా గెలుచుచు పోయెను. ప్రాంతీయ పోటీల తుదియాటలో మాత్రము, కొలది మైళ్ల దూరముననే యున్న వెస్ట్ చెస్టర్ కళాశాల చేతిలో 70-38 తేడాతో ఓడిపోయెను. ముప్పదిరెండు పాయింట్ల పరాజయము! వెస్ట్ చెస్టర్ సామాన్యమైన జట్టు గాదు. కళాశాల మహిళలకు జాతీయస్థాయి ఆహ్వానపోటీని 1969లో మొదటిసారి ఏర్పాటుచేసిన కరోల్ ఎక్మన్ అచ్చటి కోచ్. కాథీ రష్ తాను చదివినదియు ఆ కళాశాలలోనే.

ఓడినను జాతీయపోటీలకు అర్హత నిలిచెను గాని, ఇల్లినాయ్ రాష్ట్రములోని నార్మల్ పట్టణమునకు పోవుటకు ధనము లేదు. బాలికలు టూత్‌బ్రష్షులు అమ్మిరి. పోగైన సొమ్ము ఎనమండుగురి ప్రయాణమునకే సరిపోయెను. వారును ఖాళీ సీటున్న ఎక్కనిచ్చు చౌక విమానటికెట్లపై పోయిరి. సంవత్సరమంతయు వారితో సమానముగా శ్రమించిన తక్కిన బాలికలు ఇంటనే నిలిచిపోయిరి. ఈ టూత్‌బ్రష్షుల కథను ముచ్చటగా చెప్పుకొనువారు పలువురు కలరు. నాకు మాత్రము అది దుఃఖమునే కలిగించును. దేశములో అత్యుత్తమముగా ఆడు బాలికలకు రైలుఖర్చులైన ఇచ్చు వ్యవస్థ లేకపోవుట ఆ సమాజమునకు వన్నె తెచ్చు విషయము గాదు.

పదునారు జట్లలో వారికి నిర్ణయింపబడిన స్థానము పదునైదవది. తొలియాటలో సౌత్ డకోటా స్టేట్‌ను సులువుగనే గెలిచిరి. ఇండియానా స్టేట్‌పై గెలుపు రెండు పాయింట్లది. ముందటి యేటి ఆహ్వానపోటీ విజేతయైన మిసిసిపీ మహిళాకళాశాలపై గెలుపు మూడు పాయింట్లది. తుదియాట మార్చి 19న. ఎదుట నిలిచినది మరల వెస్ట్ చెస్టరే!

కొలది దినముల క్రిందట తమను నేలమట్టము చేసిన జట్టు ఎదుట మరల నిలుచుట ఎంత కష్టమో ఆటలాడినవారెల్లరు ఎరుగుదురు. దేహము సిద్ధముగనే యుండును. మనస్సు మాత్రము ఆ పూర్వపరాజయమునే తలచుచుండును. ఆ దినమున థెరిసా షాంక్ ఒక్కతెయే 26 పాయింట్లు సాధించెను. అది జట్టు మొత్తములో సరిగా సగము. 52-48తో ఇమ్మాక్యులేటా గెలిచెను. ముప్పదిరెండు పాయింట్ల అంతరము పూడి, నాలుగు పాయింట్ల ఆధిక్యముగా మారుట ఆ క్రీడాచరిత్రలో మిక్కిలి అరుదైన ఘట్టమని నా అభిప్రాయము.

తరువాత రెండేండ్లును కిరీటము వారిదే. ఒక క్రీడాకారిణి తండ్రి తన ఇనుపసామానుల దుకాణమునుండి తెచ్చిన బకెట్లను, మతవస్త్రములు ధరించిన కన్యాస్త్రీలు కఱ్ఱలతో దబదబ వాయించుచు జట్టును ఉత్సాహపరచుట ఆ ప్రాంతమున ప్రసిద్ధికెక్కెను. 1975లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో తొలిసారి కళాశాల మహిళల పోటీ జరిగినపుడు, క్వీన్స్ కళాశాలతో వీరాడిన ఆటను చూచుటకు సుమారు పండ్రెండువేలమంది వచ్చిరి.

విద్యాసంస్థలలో స్త్రీపురుషభేదమును నిషేధించు టైటిల్ నైన్ చట్టముపై అధ్యక్షుడు నిక్సన్ సంతకము చేసినది 1972 జూన్ 23న, అనగా నార్మల్ విజయము తరువాత మూడు మాసములకు. ఆ చట్టమువలన మహిళాక్రీడలకు ధనము వచ్చెను, వేతనములు వచ్చెను, విద్యార్థివేతనములు వచ్చెను. అవి పెద్ద విశ్వవిద్యాలయములకు చేరగా, పేదదైన ఇమ్మాక్యులేటా క్రమముగా వెనుకబడెను. తాము తెరచిన ద్వారమున ఇతరులు ప్రవేశించుచుండగా వారు ప్రక్కకు తొలగవలసివచ్చెను. కాథీ రష్ 1977లో వైదొలగునాటికి ఆమె జట్లు గెలిచినవి 149 ఆటలు, ఓడినవి 15 మాత్రమే.

అయినను ఆ నేలమాళిగలో నేర్చిన విద్య అచ్చటనే అంతరింపలేదు. థెరిసా షాంక్ వివాహానంతరము థెరిసా గ్రెంట్జ్ అను పేరుతో రట్గర్స్ జట్టునకు 1982లో జాతీయవిజయమును సాధించిపెట్టి, 1992 ఒలింపిక్ క్రీడలకు అమెరికా మహిళాజట్టు కోచ్‌గా వెళ్లెను. 1972 నుండి 1974 వరకు ఆడిన ఇమ్మాక్యులేటా జట్లను స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని నైస్మిత్ బాస్కెట్‌బాల్ కీర్తిమందిరము 2014లో తనలో చేర్చుకొనెను. ఆ గౌరవము పొందిన మొదటి కళాశాల మహిళాజట్టు ఇదియే.