మంచం మీది తువ్వాలు హంస: అపోహలు – వాస్తవాలు

అరకులో వలిసె పూలు పూసే రోజుల్లో గది దొరకడమే గగనం. దొరికిన గదిలో మంచం మీద రెండు తువ్వాలు హంసలు ముక్కూ ముక్కూ ఆనించి కూర్చుని ఉంటే కొత్త జంట ముందు ఫోన్ తీస్తుంది. సందేహాలు తర్వాత మొదలవుతాయి. ముట్టుకోవచ్చా? విప్పితే డబ్బులు వేస్తారా? ఇంతకుముందు ఎవరైనా వాడిందా?

ఈ బొమ్మలకు పేరు తెచ్చిపెట్టినవి క్రూయిజ్ ఓడలు. 1990ల నుంచి కార్నివాల్ సంస్థ ఓడల్లో సాయంత్రం గది సర్దేవాళ్లు రోజుకో జంతువుని మంచం మీద పెట్టి వెళ్లడం అలవాటైంది. ఎలా చేయాలో చెప్పే పుస్తకాన్ని కూడా ఆ సంస్థ వేసింది. మనకూ ఓడ మరీ దూరపు సంగతేం కాదు. 2022 జూన్‌లో కార్డీలియా క్రూయిజ్ సంస్థ వారి ఎంప్రెస్ ఓడ విశాఖ నుంచి యాత్రికులను ఎక్కించుకుని బయల్దేరింది. 2023 సెప్టెంబరులో విశాఖ పోర్టులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అక్కడి నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు దారిలో ఘాట్ రోడ్డెక్కితే అరకు రిసార్టు గది. బొమ్మ ఓడ దిగి కొండెక్కింది, కథలు కూడా వెంట తెచ్చుకుంది.

అపోహ: ఇది ఇక్కడి గిరిజనుల కళ.

గదిలో బొమ్మ, గోడ మీద థింసా నాట్యం ఫొటో, బయట బొంగులో చికెన్... మూడూ ఒకేచోట కనిపించేసరికి మూడింటినీ ఒకే గాటన కట్టేస్తాం. తువ్వాలు హంసకీ ఈ కొండలకీ చుట్టరికం లేదు. అది హోటల్ పనిలో నేర్పే మడత, గోవాలోనూ అదే, బ్యాంకాక్‌లోనూ అదే. చేసినవాళ్లు బగతలో కొండదొరలో అయితే అయి ఉండొచ్చు, అంతమాత్రాన అది తెగ సంప్రదాయం అయిపోదు. వాళ్లు ఉద్యోగంలో నేర్చుకున్న పనితనం అది, దాని మెప్పు ఆ మనిషికి దక్కాలి.

ఈ కొండల సొంత చేతిపని చూడాలంటే వారపు సంతకు వెళ్లండి. అడ్డాకులు ఎండబెట్టి, ఒకదాని అంచు మీద మరొకటి పెట్టి, సన్నటి వెదురు పుల్లలతో గుచ్చుకుంటూ విస్తరి కుట్టే ఆడవాళ్ల చేతులు గమనించండి. పుల్లని గుచ్చడం, తుంచడం ఒకే ఊపులో అయిపోతాయి. ఆకు చిరగదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఉత్పత్తుల్లో ఈ అడ్డాకూ ఉంది. నన్నడిగితే ఫొటో తీయాల్సిన పనితనం ఇది. హంసకు దొరికే లైకుల్లో సగం కూడా దీనికి రావు.

అపోహ: వేల ఏళ్ల నాటి జపాన్ విద్య.

జపాన్ కాగితపు మడతలకు పదునైన గీత పడాలి. తువ్వాలులో గీత నిలవదు, చుట్ట నిలుస్తుంది. రెండింటి పద్ధతే వేరు. గుడ్డతో జంతువులను మడిచిన పాత ఆధారాలు కావాలంటే ఐరోపా విందు బల్లల దగ్గరికి వెళ్లాలి. 1629లో ఇటలీలోని పాదువాలో మత్తియా జీగర్ అచ్చువేయించిన పుస్తకంలో బల్లమీది గుడ్డలను పక్షులుగా, జంతువులుగా మలిచే బొమ్మలున్నాయి. అవి గంజి పెట్టిన నార గుడ్డలు. ఇక నూలు పోగులు ఉచ్చుల్లా లేచి ఉండే ఇప్పటి తువ్వాలు? టర్కీలో చేత్తో నేసేవాళ్లు. దాన్ని మరమగ్గం మీదికి ఎక్కించి, 1851 లండన్ ప్రదర్శనలో పెట్టింది ఇంగ్లండుకు చెందిన క్రిస్టీ కుటుంబం. వేల ఏళ్లన్న మాట అక్కడే తేలిపోయింది.

అపోహ: లోపల తీగో, జిగురో ఉంటుంది.

ఏమీ ఉండదు. ఏనుగునే చూడండి. పెద్ద తువ్వాలుని పరిచి, రెండు వైపుల నుంచీ బిగువుగా చుట్టుకుంటూ వచ్చి మధ్యలో కలిపితే పక్కపక్కన రెండు చుట్టలు. వాటిని నడిమికి వంచి నిలబెడితే నాలుగు కొసలు నాలుగు కాళ్లు. చిన్న తువ్వాలుని మూలగా చుట్టి మొన తేలిస్తే తొండం, మిగిలిన అంచులు చెవులు. దాన్ని ఒంటి మీద ఆనిస్తే సరి. నిలబెట్టేది ఆ నూలు ఉచ్చులే. ఒకదాన్నొకటి పట్టుకుని జారనివ్వవు. అందుకే మెత్తదనం కోసం ద్రావణం ఎక్కువ పోసి ఉతికిన తువ్వాలుతో హంస చేస్తే మెడ వాలిపోతుంది. కోతికి మాత్రం సాయం కావాలి, హ్యాంగరూ రెండు క్లిప్పులూ. కళ్లు కాగితం ముక్కలో, స్టిక్కర్లో. ముఖం తుడుచుకునే ముందు వాటిని తీసేయడం మరవకండి.

అపోహ: వాడిన తువ్వాళ్లతో చేస్తారు, విప్పితే బిల్లు వేస్తారు.

నలిగి తడిసిన తువ్వాలు చుట్టకు నిలవనే నిలవదు. ఉతికి ఆరినదే కావాలి. అనుమానం ఉంటే వాసన చూడండి, మరకలు చూడండి, మార్చమని అడగండి. మొహమాటపడాల్సిన పనేం లేదు. విప్పడానికే కదా ఇచ్చింది! బిల్లు వేసేది ఇంటికి పట్టుకుపోతే, లేదా బొంగు చికెన్ పసుపు చేతులు దానికి తుడిచి పాడుచేస్తే.

అపోహ: టిప్పు కోసం వేసిన ఎర.

పెద్ద క్రూయిజ్ సంస్థల్లో చాలావాటిలో సిబ్బంది సేవల రుసుము మనిషికింత, రోజుకింత అని బిల్లులో ముందే కలుస్తుంది. హంస పెట్టినా పెట్టకపోయినా తేడా లేదు. కొండ మీది చిన్న హోటల్లో ఆ లెక్క ఉండదు. ఇవ్వాలనిపిస్తే బొమ్మ కోసం కాదు, బాత్రూమ్ కడిగినందుకు ఇవ్వండి. ఎక్కువ కష్టం అదే.

అపోహ: బొమ్మ చేస్తే నీళ్లు వృథా.

సగం నిజం. ఎలాగూ ఇవ్వాల్సిన తువ్వాలునే మడిస్తే చుక్క నీరు కూడా అదనంగా ఖర్చు కాదు. బొమ్మ కోసమే రెండు తువ్వాళ్లు ఎక్కువ పెట్టి, మర్నాడు వాటినీ ఉతుక్కి వేస్తేనే నష్టం. 2019లో నార్వేజియన్ క్రూయిజ్ లైన్ కొన్ని ఓడల్లో అడిగినవాళ్లకే బొమ్మలు చేసే పద్ధతికి మారడం వెనక ఈ ఆలోచనే ఉంది. రెండు రోజులుండేవాళ్లు మొదటిరోజు బొమ్మతో సరిపెట్టుకుని అదే తువ్వాలు వాడుకుంటే చాలు.

అరకులో చిక్కు ఇంకొకటుంది. డిసెంబరు, జనవరిల్లో పొగమంచు పొద్దెక్కేదాకా విడవదు, ఆరుబయట తీగ మీద వేసిన మందపాటి తువ్వాలు సాయంత్రానికీ పూర్తిగా ఆరదు. ఆరబెట్టే యంత్రం లేని చోట పైకి పొడిగా ఉన్నా మడత లోపల చెమ్మ మిగులుతుంది, చుట్టగా చుట్టి పెడితే ముక్కవాసన పడుతుంది. కాబట్టి గదిలోకి రాగానే ఫొటో తీసుకుని, హంసని విప్పి కుర్చీ వీపు మీద పరచండి. స్నానానికి వెళ్లేసరికి కాస్త ఆరి ఉంటుంది.