లెక్క యెఱుగని బంతియాట

అమెరికాదేశమున 1972వ సంవత్సరమున మాగ్నవాక్సు కంపెనీవారు ఒడిస్సీ యను నొక వింత పెట్టెను అమ్మకమునకు దెచ్చిరి. ఇంటి టెలివిజనుకు తగిలించి ఆడుకొనుటకై అంగడికి వచ్చిన ఆటయంత్రములలో నిదియే మొదటిది. నేటి పిల్లల తెర ఆటలకెల్ల నిది ముత్తవ్వ యనవచ్చును. దానితో వచ్చిన ఆటలలో అమెరికను ఫుట్‌బాలు ఒకటి. దాని తీరు తెలిసికొన్నప్పుడు మాకు గలిగిన వింతను సోదరీమణులకు జెప్పనెంచితిమి.

ఆ క్రీడ పేరునకు పాదబంతియే కాని, అందు కాలికంటె చేతికే పని యెక్కువ. పక్షమునకు పదునొకండుగురు ఆటగాండ్రు, నూఱుగజముల మైదానము. బంతి పట్టినవారు నాలుగు ప్రయత్నములలో పదిగజములు ముందునకు సాగవలయును; సాగనిచో బంతి యెదిరివారిది.

ఇరువదిరెండుగురి యీ పెనుగులాటను ఒడిస్సీ యెట్లు చూపెను? ఆ యంత్రము నల్లని తెరమీద మూడు తెల్లని చుక్కలను, ఒక నిలువుగీతను దప్ప వేఱేమియు చూపజాలదు. రంగు లేదు, చప్పుడు లేదు. మైదానముబొమ్మ అచ్చువేసిన పలుచని ప్లాస్టికు రేకును టెలివిజను అద్దమున కంటింపవలయును. జిగురుతో పనిలేదు, అద్దముమీద పుట్టు విద్యుత్తే దానిని పట్టియుంచును. పరుగున కొక రేకు, బంతి విసరుటకు మఱియొక రేకు. ఆడువారు చేతిపెట్టెల మరలు త్రిప్పి చుక్కలను కదపుదురు.

అన్నిటికంటె వింత, ఆ యంత్రమునకు లెక్క రాదు. అందు ట్రాన్సిస్టర్లు, డయోడ్లేగాని నేటి యంత్రములలోని మెదడు వంటిది లేదు. బంతి మైదానమున నెచ్చట నున్నదో, గెలిచిన దెవరో దానికి దెలియదు. అందుచే పెట్టెతోబాటు అట్టపలకయు, చీట్లును ఇచ్చెడివారు. ఎన్ని గజములు సాగినదియు చీటి తీసి చూచుకొని, పలకమీద గుర్తును జరుపుకొనవలయును. నా చుక్క నీకు తగులలేదని పిల్లవాడు మొండికెత్తినచో యంత్రము సాక్ష్యము పలుకదు; అన్నదమ్ములు తమలో తామే ఒప్పుకొనవలయును, లేదా తల్లి వచ్చి తీర్పు చెప్పవలయును. అష్టాచెమ్మలో గవ్వ ఓరగా నిలిచినప్పటి తగవు నెఱిగిన మనకు ఇది క్రొత్త గాదు.

దీనికి మూలపురుషుడు రాల్ఫ్ బేరు. ఈయన 1922లో జర్మనీలో యూదుల యింట బుట్టి, 1938లో తలిదండ్రులతో అమెరికా చేరెను. 1966లో న్యూయార్కునగరమున బస్సుకై వేచియుండగా, ఇంటింట నున్న టెలివిజనును ఊరక చూచుటకే గాక ఆడుకొనుటకును వాడరాదా యను తలపు ఆయనకు తట్టెనట. 2006లో అమెరికా అధ్యక్షుడు ఆయనకు జాతీయ పతక మొసగెను. 2014లో ఆయన మరణించెను.

తరువాతి యంత్రములు లెక్క నేర్చినవి. 1980 ప్రాంతమున మాటెల్ వారి ఇంటెలివిజనులోని ఫుట్‌బాలు గడియారమును, గెలుపోటములను తానే చూచుకొనెను. ఐనను దాని నాడుటకు ఇరువురు కూర్చుండక తప్పలేదు. 1990లో సేగావారి యంత్రమునకు వచ్చిన జాన్ మాడెన్ ఫుట్‌బాలులో పదునొకండుగురును తెరమీద పరుగులిడిరి. యంత్రమే యెదిరిపక్షమై ఆడెను. తగవులు తీఱినవి. ప్రక్కన మఱియొకరు కూర్చుండ నక్కఱయు తీఱినది. ఈ రెండవది లాభమో, నష్టమో మేము నిశ్చయింపజాలకున్నాము.

ఒడిస్సీ పెట్టె నింకను దాచుకొన్నవారు కలరు. చీట్లును, రేకులును పోయిన యింట నేడును చుక్కలు వెలుగును. మరలు త్రిప్పినచో కదలును. ఫుట్‌బాలు మాత్రము అందు లేదు.